అక్కకూ చెల్లెలికీ ఒకే పేరు పెట్టవచ్చా?

ప్రశ్న: నా భర్తకు ఇది రెండో పెళ్లి. మొదటి భార్యతో కోర్టు ద్వారా విడాకులయ్యాయి. వాళ్లకు ఎనిమిదేళ్ల పాప ఉంది, తల్లి దగ్గరే పెరుగుతోంది. ఆ పాపకు మా వారు చనిపోయిన తన తల్లి పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు మాకు పాప పుట్టి మూడు నెలలైంది. జనన నమోదు అయింది గానీ పేరు ఇంకా రాయించలేదు. ఈ పాపకు కూడా అదే పేరు పెడతానని మా వారు పట్టుబట్టారు. ‘ఆ పాప మన దగ్గర లేదు కదా, మా అమ్మ పేరు ఈ ఇంట్లో వినపడాలి’ అంటున్నారు. సంగతి తెలిసి మొదటి భార్య ఫోన్ చేసి, అలా పెడితే కోర్టుకు వెళ్తానన్నారు. ఒకే తండ్రి బిడ్డలకు ఒకే పేరు పెట్టడం చట్టప్రకారం తప్పా? ఆమె ఆపగలరా? రేపు ఆస్తి విషయంలో మా పాపకు ఇబ్బంది వస్తుందా? మేము హిందువులం. (పేరు రాయవద్దన్న పాఠకురాలు)

జవాబు: తప్పు కాదమ్మా. ఒకే తండ్రి బిడ్డలకే కాదు, ఒకే తల్లిదండ్రుల బిడ్డలకు కూడా ఒకే పేరు పెట్టకూడదని మన చట్టాల్లో ఎక్కడా లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం బిడ్డ పేరును ఎలా నమోదు చేయించాలో చెబుతుంది గానీ, ఏ పేరు పెట్టాలో చెప్పదు.

మొదటి భార్య కోర్టుకు వెళ్తే ఏమవుతుందన్న టెన్షన్ కూడా వద్దు. ఇంజంక్షన్, అంటే ఒక పని చేయకుండా ఆపే కోర్టు ఉత్తర్వు, అడిగేవాళ్లు తమకున్న ఏ హక్కుకు భంగం కలిగిందో ముందు చూపించాలి. పెద్ద పాపకు ఆ పేరు వాడుకునే హక్కు ఉంది, అది ఎక్కడికీ పోదు. మరొకరు ఆ పేరు పెట్టుకోకూడదనే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఆమె వేసే కేసు నిలబడదనే నా అభిప్రాయం.

అయితే మీ ఉత్తరంలో ఒక మాట నన్ను ఆపింది. ‘మా వారు పట్టుబట్టారు’ అని రాశారు. పాప పేరు మీద మీ వారికి ఎంత హక్కు ఉందో మీకూ అంతే ఉంది. తండ్రి బతికుండగా తల్లి సహజ సంరక్షకురాలు కాదన్న వాదనను సుప్రీంకోర్టు 1999లో గీతా హరిహరన్ కేసులో తోసిపుచ్చింది. 2023లో కేరళ హైకోర్టు ముందుకు ఇలాంటి తగాదానే వచ్చింది. విడిపోయిన తల్లిదండ్రులు పేరు దగ్గర రాజీ పడక, పేరు లేని జనన ధ్రువపత్రాన్ని స్కూలు వాళ్లు తీసుకోక, పాప ఇరుక్కుపోయింది. చివరకు కోర్టే పేరు ఖాయం చేసింది. పాప తల్లి దగ్గర ఉంటోంది కాబట్టి తల్లి కోరిన పేరుకు ప్రాధాన్యం ఇచ్చి, పక్కన తండ్రి పేరు చేర్చింది. కోర్టు చూసింది పాప మేలు. మీరిద్దరూ ఆ కళ్లతోనే చూడండి.

ఇక ఇబ్బందుల సంగతి. ఇక్కడ మాత్రం మీ భయం సబబే.

మన కాగితాల్లో మనిషిని గుర్తుపట్టేది పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చిరునామాలతో. పెద్ద పాప పేరు సుజాత అనుకుందాం. మీ పాపా సుజాతే అయితే పేరు ఒకటే, ఇంటిపేరు ఒకటే, తండ్రి ఒకరే. పాన్ కార్డు మీద సాధారణంగా తండ్రి పేరే ఉంటుంది, తల్లి పేరు కనిపించదు. రెండు కార్డులు పక్కపక్కన పెడితే నంబరు, ఫొటో, పుట్టిన తేదీ తప్ప మిగతా అక్షరాలన్నీ ఒకటే. ఆధార్, పాన్ నంబర్లు వేరు కాబట్టి కంప్యూటర్ తికమక పడకపోవచ్చు. కాగితం చేత్తో రాసేవాళ్లు, చదివేవాళ్లు పడతారు. కుటుంబ సభ్యుల జాబితాలో ‘సుజాత, కుమార్తె’ అని రెండుసార్లు కనిపిస్తే రెండోది పొరపాటున పడిందనుకుని కొట్టేయడానికి గుమాస్తాకు క్షణం చాలు. ఆ కొట్టేసిన వరుస మీ పాపదే అయితే తిరిగి రాయించుకోవడానికి ఎన్ని మెట్లు ఎక్కాలో చెప్పలేం.

మీ వారు పెద్ద పాపకు కోర్టు ఉత్తర్వు ప్రకారం భరణం కడుతూ ఉండవచ్చు. ఆ డబ్బు బ్యాంకులో ‘సుజాత’ పేరున పడుతుంటే, రేపు ఏ సుజాతకు కట్టారన్న గొడవ రావడానికి అవకాశం ఇచ్చినట్లే. చెల్లింపు రసీదులు, ఖాతా నంబరు జాగ్రత్తగా ఉంచుకోమనండి. సుకన్య సమృద్ధి ఖాతా సంగతీ అంతే. ఒక పాపకు ఒకే ఖాతా అన్నది అక్కడి నియమం. అదే పేరుతో, అదే తండ్రి పేరుతో రెండోది తెరవబోతే ఆ పాపకే మళ్లీ తెరుస్తున్నారా అని అడుగుతారు. రెండు జనన ధ్రువపత్రాలూ చూపిస్తే తేలిపోతుంది, కానీ అడిగిన ప్రతిచోటా చూపించాల్సి వస్తుంది.

ఆస్తికి వద్దాం. మీ వారు వీలునామా రాయకుండా కన్నుమూస్తే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన బిడ్డలిద్దరూ మొదటి తరగతి వారసులే. మీతో పాటు ఇద్దరికీ సమాన వాటాలు వస్తాయి. విడాకులు తీసుకున్న మొదటి భార్యకు వాటా రాదు, ఆమె కన్న పాపకు వస్తుంది. ‘సవతి’ అన్న మాట అక్కడ ఎవరి వాటానూ తగ్గించదు, ఎందుకంటే ఆయనకు ఇద్దరూ సొంత కూతుళ్లే. పేరు ఒకటైనంత మాత్రాన ఇద్దరి వాటాలు కలిసి ఒకటి కావు.

చిక్కంతా వీలునామా రాసినప్పుడు, లేదా సెటిల్‌మెంట్ డీడ్ (బతికుండగానే ఆస్తి రాసిచ్చే పత్రం) రాసినప్పుడు. ‘ఫలానా ఇల్లు నా కుమార్తె సుజాతకు చెందాలి’ అని ఒక్క వాక్యం రాసి పెడితే, అది రాసినాయన లేని రోజున ఇద్దరు సుజాతలూ ముందుకొస్తారు. చట్టం ఇది ముందే ఊహించింది. 1925 నాటి భారత వారసత్వ చట్టం 80వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణే ఇలాంటిది: ఒకాయనకు మేరీ అనే పేరుతో ఇద్దరు బంధువులు, ఆయనేమో ‘నా బంధువు మేరీకి’ అని మాత్రమే రాశాడు. అలాంటప్పుడు ఏ మేరీని ఉద్దేశించాడో తేల్చడానికి బయటి సాక్ష్యం తీసుకోవచ్చు. ఆయన ఎవరి గురించి ఏం మాట్లాడేవాడు, ఎవరితో ఎలా ఉండేవాడు అన్నవి అప్పుడు కోర్టు ముందుకు వస్తాయి. సాక్ష్యాల చట్టంలోనూ ఇలాంటి నియమమే ఉంది. 2024 జులై నుంచి వచ్చిన కొత్త చట్టం, భారతీయ సాక్ష్య అధినియమ్, దాన్ని కొనసాగించింది.

అంటే దారి ఉంది. కానీ ఆ దారిలో నడవాల్సింది ఇద్దరు ఆడపిల్లలు, ఒకరి మీద ఒకరు కేసు వేసుకుని. సాక్ష్యంతోనూ తేలకపోతే అదే చట్టం 89వ సెక్షన్ ప్రకారం, స్పష్టమైన ఉద్దేశం లేదన్న కారణంగా ఆ రాత చెల్లకుండా పోతుంది. అందుకని వీలునామాలో బిడ్డల గురించి ఇలా రాయించండి: ‘నా మొదటి వివాహం వల్ల, ఫలానా తేదీన, ఫలానా ఆమెకు నాకు కలిగిన పెద్ద కుమార్తె సుజాత’, ‘నా ప్రస్తుత భార్య ఫలానా ఆమెకు నాకు ఫలానా తేదీన కలిగిన చిన్న కుమార్తె’. జనన నమోదు సంఖ్య కూడా వేయించండి. ఇన్సూరెన్స్, బ్యాంకు నామినీ కాగితాల్లో పుట్టిన తేదీ గడి ఖాళీగా వదలొద్దు.

అసలు ఇంత దూరం రానివ్వకుండా ఇప్పుడే తెంచగల ముడి ఇది. పాప పేరు ఇంకా నమోదు కాలేదు, అది మీ అదృష్టం. పుట్టుక నమోదైన 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకూ గడువు ఉంది. ఒకసారి రిజిస్టరులో ఎక్కాక మాత్రం వెనక్కి తీసుకోవడం కష్టం. జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కింద రిజిస్ట్రారు సరిదిద్దేది తప్పుపడిన నమోదునే. మనసు మారిందంటే మార్చరు. పైగా 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు స్కూలు చేరిక నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి రుజువు జనన ధ్రువపత్రమే. అందులో ఏ పేరు రాయిస్తే మిగతా కాగితాలన్నీ దాన్నే అనుసరిస్తాయి.

నా సలహా: పాపకు తనదంటూ ఒక పేరు ముందు పెట్టి, నాయనమ్మ పేరు తర్వాత చేర్చండి. ‘అమూల్య సుజాత’ అన్నట్లు. మీ వారి కోరిక తీరుతుంది, ఇంట్లో తన తల్లి పేరుతోనే పాపను పిలుచుకోవచ్చు కూడా. వేరే పేరే ముందుండాలి అంటున్నానంటే కారణం ఉంది. చాలాచోట్ల రెండో భాగాన్ని వదిలేస్తారు, లేదా ఒక్క అక్షరంగా కుదిస్తారు. ‘సుజాత అమూల్య’ అని రాయిస్తే హాజరుపట్టీలో మళ్లీ సుజాతే మిగులుతుంది.

ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒక ‘హెచ్’ అదనంగా పెడితే సరిపోతుంది కదా అని కొందరు అడుగుతుంటారు. సరిపోదు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే, పైగా ఆ ‘హెచ్’ ఒక కార్డులో ఉండి ఇంకో దాంట్లో లేకపోతే అదో కొత్త తలనొప్పి. అమెరికా బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ తన ఐదుగురు కొడుకులకూ జార్జ్ అనే పేరు పెట్టి, జూనియర్, మూడో జార్జ్, నాలుగో జార్జ్ అంటూ వేరు చేశారు. మన దగ్గర అలా వరుస సంఖ్య వేసే అలవాటు లేదు. ఇక్కడ తేడా పేరులోనే కనిపించాలి.

చట్టం అడగని విషయం ఒకటి మీ వారికి నేరుగా చెబుతాను. ఎనిమిదేళ్ల పిల్లకు అన్నీ అర్థమవుతాయి. నాన్న ఇంట్లో ఇంకో పాప వచ్చింది, ఆ పాపకు నా పేరే పెట్టారు అని తెలిస్తే, నా చోటు ఇంకొకరికి ఇచ్చేశారని అనుకుంటుంది. ‘ఆ పాప మన దగ్గర లేదు కదా’ అన్న మాట ఆ పిల్ల చెవిన పడకూడదు. ఆమె తల్లి ఫోన్ చేసింది కూడా బహుశా ఈ బాధతోనే. దాన్ని బెదిరింపుగా తీసుకోకండి.

ఆమె తరఫున లాయర్ నోటీసు వస్తే పక్కన పడేయవద్దు. పేరు ఇంకా నమోదు కాలేదని, పెద్ద పాప హక్కులకు, భరణానికి, వారసత్వానికి ఏ భంగమూ లేదని రెండు పేరాల్లో మర్యాదగా జవాబు పంపించండి. మీ పాపకు వేరే పేరు నిర్ణయమై ఉంటే ఆ సంగతీ అందులో రాయించండి. చాలావరకు గొడవ అక్కడే ఆగిపోతుంది. పేరు నమోదుకు వెళ్లినప్పుడు దరఖాస్తు మీద మీ ఇద్దరి సంతకాలూ ఉండేలా చూసుకోండి. ధ్రువపత్రం చేతికి రాగానే తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పేరు అక్షరం అక్షరం సరిచూసుకుని, ఆ తర్వాతే ఆధార్‌కు వెళ్లండి.