నలభై మందికి ఒకే గొంతు ఉండదు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. మొదటిసారి కుర్చీలో కూర్చుని ఊరికే చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. ఏడో పేజీలో ఒక వాక్యం కింద కాగితం చిరిగేంత గట్టిగా గీత పడింది. ఉత్తరంలో నన్ను అమ్మమ్మగారూ అని పిలిచావు కాబట్టి నిన్ను నువ్వు అనే అంటాను. మనసులో ఉన్నది దాచుకోకుండా చెబుతాను.

ఆ వాక్యం ఇది: "నలభై మంది ఒకే గొంతుతో పాడుతుంటే హాలులో అమృతవర్షం కురిసింది."

బయటివాళ్లు ఎవరైనా రాసి ఉంటే పేజీ తిప్పేసేదాన్ని. నువ్వు ఏడాదిన్నరగా బార్బర్‌షాప్ కోరస్‌లో పాడుతున్నవాడివి. ప్రతి మంగళవారం ఆఫీసు నుంచి నేరుగా చర్చి నేలమాళిగకు వెళ్లి, మెట్ల బల్లలు మోసుకొచ్చి వేసి, వాటి మీద రెండున్నర గంటలు నిలబడి వస్తున్నవాడివి. అక్కడ ఒకే గొంతు లేదని నీ చెవులకు తెలుసు. మన ఊళ్లో భజనలో అందరూ ఒకే వరస అందుకుంటారు, దాని అందం దానిది. ఇక్కడ ఒకేసారి నాలుగు వరసలు నడుస్తాయి. లీడ్ పాటను నడిపిస్తుంది. టెనర్ దాని పైన పలుచగా పరుచుకుంటుంది. బాస్ కింద నిలబడి బరువంతా మోస్తుంది. ఇక మిగిలిన స్వరం ఏదైతే అది బారిటోన్‌కు వస్తుంది, ఒక మాట దగ్గర లీడ్‌కు పైన, మరుసటి మాట దగ్గర లీడ్‌కు కింద. వాద్యం ఉండదు. గుండ్రటి పిచ్ పైపు ఒక్కసారి ఊదుతారు. ఆ తర్వాత నీ స్వరానికి ఆధారం నీ చుట్టూ ఉన్నవాళ్లు పాడుతున్న వేరే స్వరాలే. వాళ్ల వరసలోకి నువ్వు జారిపోతే ఆ క్షణమే కట్టడం కూలుతుంది. ఏడాదిన్నర కష్టపడి నేర్చుకున్న ఆ తేడానంతా "ఒకే గొంతు" అన్న రెండు మాటలతో చెరిపేశావు.

అమృతవర్షం సంగతి కూడా చెప్పాలి. సంగీతం గురించి రాయవలసి వచ్చినప్పుడు మన రచయితలకు అమృతం, గంధర్వగానం, వీనులవిందు, తన్మయత్వం అనే మాటలు తాతముత్తాతల ఆస్తిలా దొరుకుతాయి. యాభై ఏళ్లుగా కథలు చదువుతున్నాను. ఈ మాటలు వాడినవాళ్లలో ఒక్కరైనా పాడే మనిషి దవడ ఏం చేస్తోందో చెప్పగా చూడలేదు. మీ నాయకుడు ఒక్క "ఓ" అనే అచ్చు కోసం పాటను ఎన్నిసార్లు ఆపించాడు? నలభై నోళ్లూ ఆ అచ్చును ఒకే ఆకారంలో తెరవకపోతే, స్వరం సరైనదే అయినా శ్రుతి కలవదు కదా. అది నీకు తెలుసు. తెలిసినదాన్ని వదిలేసి అరువు తెచ్చుకున్న అమృతం పోశావు.

చివరి స్వరం "మోగింది" అని రాశావు. అది నిజమైన మాట, పాడేవాళ్లు అనే మాట. కానీ ఎందుకు మోగిందో నీ కథకు తెలియదు. నువ్వు కర్ణాటక సంగీతం నేర్చుకున్నానన్నావు కాబట్టి ఆ మాటల్లోనే చెబుతాను. బార్బర్‌షాప్‌కు ప్రాణం సెవెంత్ కార్డ్. కార్డ్ అంటే ఒకేసారి కలిసి పలికే స్వరాల కట్టు. అందులో ఉండేవి మన షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం. ఈ నాలుగూ 4, 5, 6, 7 నిష్పత్తిలో నిలబడినప్పుడు ఒకదాని అతిస్వరాలు, అంటే ప్రతి స్వరంతో పాటు దాని పైన సన్నగా పలికే స్వరాలు, మరొకదాని అతిస్వరాలతో కలిసి బలపడతాయి. అప్పుడు ఎవరి నోటా లేని స్వరం ఒకటి తలల పైన వినిపిస్తుంది. పియానో మెట్ల మీద ఆ నిష్పత్తి దొరకదు. గాంధారాన్ని పియానో స్థానం కన్నా రవ్వంత దించాలి. నిషాదాన్ని ఇంకా ఎక్కువ, దాదాపు అర్ధస్వరంలో మూడోవంతు దించాలి. ఎంత దించాలో కాగితం మీద రాసి ఉండదు. పక్కవాళ్లను వింటూ, పాడుతూ ఉండగానే సర్దుకోవాలి. నీ కథలో మనుషులు ఇదంతా చేశారు. నువ్వు మాత్రం వర్షం కురిపించి ఊరుకున్నావు.

నేను చేరింది 1986లో, ఒహాయోలో ఒక చిన్న ఊళ్లో, మహిళల బృందంలో. ఆడవాళ్ల బృందంలోనూ భాగాల పేర్లు అవే. అంతకు ముందు విజయవాడలో తొమ్మిదేళ్లు సంగీతం నేర్చుకున్నాను. తప్పకుండా లీడ్ ఇస్తారనుకుని వెళ్లాను. నాయకురాలు నా గొంతు విని బారిటోన్ వాళ్ల మధ్య నిలబెట్టింది. మొదటి రాత్రి ఆరుసార్లు పాట ఆపింది, ఆరుసార్లూ నా వల్లే. స్వరం మీద నేరుగా దిగడం నాకు రాదు. ప్రతి గాంధారాన్నీ కింది నుంచి జారి అందుకునేదాన్ని, అందుకున్నాక ఊపేదాన్ని. గమకం లేని స్వరం మొండి స్వరమని మా మాస్టారు నేర్పారు. ఇక్కడ ఆ మొండి స్వరమే కావాలి. నా ఒక్క స్వరం కదిలితే మిగతా మూడు స్వరాల లెక్క తప్పుతుంది.

అభ్యాసానికి ఒక క్యాసెట్ ఇచ్చారు. అందులో బారిటోన్ వరస ఒక్కటే ఉంది. అంట్లు తోముకుంటూ నెలరోజులు అదే పాడాను. మా వారికి ఆ పాట బాగా తెలుసు, కారులో రేడియోలో వస్తే తానూ కలిసి పాడేవారు. ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి చాలాసేపు విని "ఇంతకీ ఏ పాట అది?" అని అడిగారు. మాటలు వింటూ కూడా పోల్చుకోలేకపోయారు. బారిటోన్ వరస అలాగే ఉంటుంది. ఒంటరిగా వింటే దానికి తలా తోకా ఉండవు. ఎక్కడో ఒకే స్వరం మీద ఐదు మాటలు నడుస్తుంది, ఉన్నట్టుండి ఎక్కడికో గెంతుతుంది. దాన్ని తీసేసి మిగతా మూడూ పాడించి చూడు. కార్డు బోసిపోతుంది.

ఆ వంటింట్లోనే నాకు కథ రాయడం తెలిసింది. ముప్పై ఏళ్లుగా దీన్నే పట్టుకుని ఉన్నాను, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతూనే ఉన్నాను. కథకు లీడ్ ఉంటుంది, అది ఎవరైనా రాస్తారు. పోటీ, గెలుపు, చప్పట్లు, కన్నీళ్లు అన్నీ లీడే. కథకుడి పని బారిటోన్. విడిగా చూస్తే ఎందుకు ఉందో తెలియని వాక్యం, తీసేస్తే కథ మోగని వాక్యం. నీ కథలో అలాంటివి వెతికాను. ఒక్కటి దొరికింది. ఫిబ్రవరి 14న మీరు నలుగురూ చారల కోట్లు వేసుకుని టైర్ల షాపుకు వెళ్లి, అక్కడి మెకానిక్‌కు అతని భార్య తరఫున పాట పాడతారు. అతనికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. మీరిచ్చిన గులాబీకి గ్రీజు అంటకుండా రెండు వేళ్ల గోళ్లతో పట్టుకుంటాడు. ఆ గోళ్లు చదివి కాసేపు కాగితం పక్కన పెట్టాను.

తర్వాతి పేజీలోనే పోటీ మొదలుపెట్టావు. జడ్జీలు, మార్కులు, మొదటి బహుమతి. ఎందుకు? గెలవని కథకు ముగింపు ఉండదని నీకు ఎవరు చెప్పారు?

నాకు ఒక సంపాదకుడు చెప్పాడు. ఈ అనుభవం మీదే 1991లో మొదటి కథ రాశాను. పదకొండు నెలలు తన దగ్గర ఉంచుకుని తిప్పి పంపాడు. అంచున ఎర్ర సిరాతో "ఇందులో తెలుగుదనం ఎక్కడ ఉంది? పండుగ ఏదైనా చేర్చగలరా?" అని రాశాడు. వంటింట్లో అంట్లు తోముతూ అర్థంకాని వరస పాడుకుంటున్న విజయవాడ ఆడమనిషిలో అతనికి తెలుగుదనం కనబడలేదు. గుమ్మానికి మామిడాకులు కడితే కనబడేదేమో. మరో పత్రికాయన వేసుకున్నాడు కానీ, నన్ను అడగకుండా బారిటోన్ అన్న ప్రతిచోటా "మంద్రస్వరం" అని మార్చేశాడు. బారిటోన్ పైకీ కిందకీ తిరిగే వరస, అందుకే ఆ కథ. మంద్రం అనగానే కథ మొత్తం తప్పయింది. నా పేరుతో అచ్చయిన మొదటి కథ అది. ఆ సంచిక ఇప్పటికీ బీరువాలో ఉంది. మా పిల్లలకు కూడా చూపించలేదు.

ఇప్పుడు ప్రవాస కథకు ఒక మూస తయారైంది. విమానాశ్రయం, మంచు, ఫోనులో అమ్మ, ఆవకాయ సీసా. నీ కథలో మూడో పేజీలో అమ్మ ఫోను చేసింది. ఆమె లేకపోతే ఇది తెలుగు కథ కాదంటారన్న భయంతో చేయించావు. తీసెయ్యి. నీ కథానాయకుడి గొంతులోంచి పోని గమకం చాలు, అది అమ్మ కన్నా ఎక్కువ చెబుతుంది.

కింద అర్థాలు ఇవ్వాలా అని అడిగావు. వద్దు. ట్యాగ్ అంటే పాట చివరి ముక్క అని, దాన్నొక్కదాన్నే విడిగా పాడుకుంటారని పాడించి చూపించు, పాఠకుడికి తెలుస్తుంది.

దీనికన్నా పెద్ద తప్పు ఒకటి ఉంది. నాలుగో పేజీలో "1938లో తుల్సాలో పుట్టిన సంగీతం" అన్నావు. ఆ ఏడాది ఏప్రిల్ 11న ఓక్లహోమా రాష్ట్రంలోని తుల్సాలో ఒక క్లబ్బు మేడ మీద 26 మంది కూడి పాడారు. పిలిచింది ఓవెన్ క్యాష్ అనే పన్నుల న్యాయవాది, రూపర్ట్ హాల్ అనే బ్యాంకరు. ఆ రోజు పుట్టింది బార్బర్‌షాప్ పాడేవాళ్ల సంఘం. పాట అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో నల్లజాతి యువకులు క్షౌరశాలల్లో, వీధి మలుపుల్లో చెవితోనే స్వరాలు కలుపుకుని పాడుకున్న పాట అది. లిన్ అబ్బాట్ అనే పరిశోధకుడు 1992లో దాన్ని ఆధారాలతో రాశాడు. ఆ పాటను కాపాడతామని పెట్టుకున్న సంఘమే 1941లో నల్లజాతి నలుగురిని జాతీయ పోటీలోకి రానివ్వలేదు. వాళ్లు న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్లో సామాన్లు మోసే రెడ్‌క్యాప్‌లు, న్యూయార్క్ పోటీలో గెలిచి వచ్చినవాళ్లు. ఆ అన్యాయానికి నిరసనగా న్యూయార్క్ మాజీ గవర్నర్ ఆల్ స్మిత్, ఆ నగర ఉద్యానవనాల అధికారి రాబర్ట్ మోజెస్ సంఘం నుంచి తప్పుకున్నారు. తలుపు తెరుచుకోవడానికి 1963 దాకా పట్టింది. ఆడవాళ్లు 1945లో అదే తుల్సాలో స్వీట్ అడెలైన్స్ పెట్టుకున్నారు. ఆ సంఘమూ తెల్లవాళ్లకే సభ్యత్వమని నియమం పెడితే, ఒప్పుకోని కొన్ని శాఖలు 1959లో విడిపోయి హార్మనీ ఇంకార్పొరేటెడ్ అయ్యాయి. మగవాళ్ల సంఘంలో ఆడవాళ్లకు పూర్తి సభ్యత్వం 2018లో వచ్చింది.

ఇదంతా నాకు చెప్పింది మా బృందంలో బాస్ పాడే ఒక పెద్దావిడ. అప్పటికి నేను చేరి ఏడేళ్లు. సాధన అయ్యాక మెట్ల బల్లలు మడతపెడుతూ, తన పని ఆపకుండా చెప్పింది. ఏడేళ్లు ఆ పాటలు పాడాను, అవి ఎవరి పాటలో అడగాలని నాకు తోచలేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్లి నా కథలన్నీ తీసి చూసుకున్నాను. "అందరం ఒక్కటిగా" అన్న మాట ఎక్కడ కనబడినా కొట్టేశాను. ఆ మాట వినబడిన చోటల్లా, బయట నిలబెట్టినవాళ్లు ఎవరో ఉంటారని అప్పటి నుంచి అనుమానపడతాను. నీ కథానాయకుడు మన దేశం నుంచి వచ్చినవాడు. అతన్ని వాళ్లు నవ్వుతూ చేర్చుకున్నారు, సంతోషం. అతను నిలబడిన బల్ల మీద 1963కు ముందు ఎవరిని నిలబడనిచ్చేవారు కాదో అతనికి తెలియాలి. ఉపన్యాసం వద్దు. బల్ల మడతపెడుతూ ఎవరో ఒకరు చెబితే చాలు.

ఇక నాకు మొదటిసారి మోగిన రోజు. చేరిన నాలుగో నెల, డిసెంబరు. సాధన అయిపోయింది, కార్లు ఉన్న చోటికి వచ్చాం. నలుగురం, భాగానికి ఒకరం. ఒకామె చేతిలో తాళంచెవులున్నాయి, ఇంకొకామె చేతి తొడుగులు వేసుకుంటోంది. ఎవరో ట్యాగ్ ఎత్తుకున్నారు. చివరి స్వరం దగ్గర నా నిషాదాన్ని కొద్దిగా దించాను. ఎందుకు దించానో తెలియదు, చెవి దించమంది. తల పైన అయిదో గొంతు వినిపించింది. తిరిగి చూశాను, ఎవరూ లేరు.

మా మాస్టారు పాఠం మొదలుపెట్టే ముందు తంబూరా మీటి మమ్మల్ని నోరు మెదపనిచ్చేవారు కాదు. మంద్ర షడ్జమం తీగలోంచి గాంధారం దానంతట అదే పుడుతుంది, అది వినబడినవాళ్లే సరళి వరసలు అందుకోవాలనేవారు. స్వయంభూ గాంధారం. తొమ్మిదేళ్లలో నాకది వినబడిందని అబద్ధం చెబుతూ వచ్చాను. ఒహాయోలో, చలిలో, నా భాష రాని ముగ్గురు ఆడవాళ్ల మధ్య నిలబడినప్పుడు నాకు తెలిసింది, మాస్టారు దేన్ని వినమన్నారో. ఆయన అప్పటికి రెండేళ్ల కిందటే పోయారు. కారులో కూర్చుని ఏడ్చాను. ఇంటికి వెళ్లే దారిలో అదే స్వరం పాడి చూశాను. ఒక్కదాన్నే పాడితే రాలేదు.

కథ తిప్పి పంపుతున్నాను. ఏడో పేజీ నుంచి చివరిదాకా తీసెయ్యి. వచ్చే మంగళవారం బారిటోన్ వాళ్ల వెనక నిలబడి, వాళ్లు ఏ మాట దగ్గర ఊపిరి తీసుకుంటారో, ఏ మాట దగ్గర భయపడతారో రాసుకో. టైర్ల షాపు దగ్గర కథ ఆగిపోతుందేమో చూడు.

1986 నాటి ఆ క్యాసెట్‌ను మా మనవరాలు ఫోనులోకి ఎక్కించింది. నీకూ పంపమన్నాను. మధ్యలో ఒకచోట కుళాయి చప్పుడు వినిపిస్తుంది, అది మా వంటింటిది. తెలియక రికార్డు మీట నొక్కాను. బారిటోన్ వరస తప్ప ఇంకేమీ లేదు. అది ఏ పాటో కనుక్కుని, తిరగరాసిన కథతో పాటు రాసి పంపు.

ఆశీస్సులతో,
అమ్మమ్మ