నాన్న అడిగింది జుట్టు గురించి కాదు

ప్రశ్న: నా వయసు 26. హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ సంస్థలో పని చేస్తున్నాను. నాది బాగా ఒత్తయిన ఉంగరాల జుట్టు. మూడేళ్లుగా పెంచుతున్నాను. తడిసినప్పుడు వీపు మీదకు దిగుతుంది, ఆరితే భుజాల మీద గుబురుగా పొంగుతుంది. తలస్నానం చేస్తే ఆరడానికి సగం రోజు పడుతోంది. చిక్కు తీసేటప్పుడు గుప్పెడు వెంట్రుకలు ఊడి వస్తున్నాయి. నెత్తిన ముడి వేసి హెల్మెట్ పెట్టుకుంటే తలనొప్పి. ఇంకా పెంచాలా, తీసేయాలా తేల్చుకోలేకపోతున్నాను.

ఇంట్లో గొడవ కూడా ఉంది. మా నాన్నగారు రిటైరైన హెడ్మాస్టరు, నరసరావుపేటలో ఉంటారు. బొమ్మలు వేసుకుంటానంటే వినకుండా ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోమన్నారు. ఆయన పట్టుబట్టి చేర్పించిన హాస్టల్లో నెలకోసారి అందరినీ వరసలో నిలబెట్టి మిషన్‌తో తల గీసేవారు. ఉద్యోగం వచ్చాక జుట్టు పెంచడం మొదలుపెట్టాను. అప్పటినుంచి ఆయన నాతో సరిగా మాట్లాడరు, ఏదైనా అమ్మ ద్వారానే. అమ్మేమో బంధువులందరికీ తిరుపతి మొక్కు అని చెప్పింది. మాఘమాసంలో చెల్లి పెళ్లి. జుట్టు తీయించుకుంటే గానీ పందిట్లో అడుగు పెట్టవద్దన్నారట. మొన్న అమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. ‘నేను పోయినప్పుడైనా వాడు గుండు చేయించుకుంటాడా, అడుగు’ అన్నారట (పోయిన ఏడాది ఆయనకు స్టెంటు వేశారు). విసుగొచ్చి ‘అప్పుడు చూద్దాంలే’ అన్నాను. నా జుట్టు మీద నాకు హక్కు లేదా? ఏం చేయమంటారు?
– ఒక సోదరుడు, హైదరాబాద్

జవాబు: నీకంటే పెద్ద కొడుకున్న దాన్ని, కాబట్టి నువ్వు అనే అంటాను. తల నీది, జుట్టు నీది, హక్కూ నీదే. 26 ఏళ్లు వచ్చి సొంతంగా సంపాదించుకుంటున్నవాడివి, ఈ మాట నా చేత చెప్పించుకోవాల్సిన అవసరం లేదు. ఆ ప్రశ్నను అక్కడితో వదిలేద్దాం.

ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన వాక్యాన్ని తీసుకెళ్లి బ్రాకెట్లలో పెట్టావు. గుండెకు స్టెంటు వేయించుకున్న తండ్రి, నేను పోతే వీడు గుండు చేయించుకుంటాడా అని అడిగాడు. మన ఇళ్లలో ఆ మాటకు అర్థం ఏమిటో నీకు తెలియదనుకోను. నా చివరి పనులకు నా కొడుకు వస్తాడా, నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తాడా, పదో రోజున నీళ్ల ఒడ్డున పంతులు పక్కన కూర్చుంటాడా అని అడిగాడాయన. ఆసుపత్రి మంచం మీద పడుకుని పైన తిరిగే ఫ్యాను చూస్తున్నప్పుడు కొడుకున్న ఏ మనిషికైనా వచ్చే ఆలోచనే అది. నేరుగా అడగడానికి నోరు రాలేదు. జుట్టును అడ్డం పెట్టుకుని, అదీ భార్య చేత అడిగించారు. దానికి నువ్విచ్చిన జవాబు ‘అప్పుడు చూద్దాంలే’. ఆ మాటను మీ అమ్మగారు ఆయనకు చెప్పకుండా మింగేసి ఉంటే ఆ తల్లికి దణ్ణం పెట్టు. చెప్పేసి ఉంటే, దాన్ని వెనక్కి తీసుకునే పని నీది.

మగవాళ్లు జుట్టు పెంచడం మనకు కొత్తేమీ కాదు. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు గడ్డానికీ జుట్టుకూ కత్తెర తగలదు, ఆ గడ్డంతో వచ్చిన గుమస్తాను పై అధికారి కూడా ‘స్వామీ’ అనే పిలుస్తాడు. భార్య కడుపుతో ఉన్నప్పుడు క్షవరం మానేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మొక్కున్నవాడు నెలల తరబడి జులపాలతో తిరిగినా ఎవరూ ఏమీ అనరు. ఇంకా వెనక్కి వెళ్తే మరీ విచిత్రం. నూరేళ్ల కిందట పిలకా, జుట్టుముడీ ఉండడమే పెద్దమనిషి లక్షణం. పట్నంలో చదువుకుని క్రాపు పెట్టుకొచ్చిన కుర్రవాణ్ణి చూసి తాతలు తల పట్టుకునేవారు. మీ నాన్నగారు ఇవాళ కాపాడుతున్న క్రాపు ఒకప్పుడు వంశానికి అప్రతిష్ఠ. అంచేత జుట్టు పొడుగెంత అన్నది పెద్దలకు ఎప్పుడూ పట్టలేదు. దేవుడి కోసం పెంచితే సరే, ఆచారం కోసం పెంచితే సరే. ఊరికే, నాకు బాగుంటుందని పెంచితేనే కొరుకుడు పడదు. మీ అమ్మగారికి ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు. అందుకే నీ ఇష్టానికి వెంకన్న పేరు తగిలించి బంధువుల్లోకి వదిలింది.

ఆ అబద్ధం నాకు నచ్చలేదు. అయినా ఆమెను తప్పు పట్టలేను. మూడేళ్లుగా ఆ ఇంట్లో ఆమె చేస్తున్నది తపాలా ఉద్యోగం. ఈ చివర కోపాన్ని అందుకుని, దారిలో కాస్త మెత్తబరిచి, ఆ చివర ఇవ్వాలి. మళ్లీ అక్కడి కోపం మోసుకుని ఇటు రావాలి. సెలవు లేదు, పింఛనూ లేదు. నీ ఉత్తరం మరోసారి చదువుకో. అన్నారట, వద్దన్నారట, అడగమన్నారట. నాన్న నీ మొహం మీద అన్న మాట అందులో ఒక్కటీ లేదు. ‘పందిట్లో అడుగు పెట్టవద్దు’ అన్నది నిజంగా ఆయనేనా? ఆ మాటలే అన్నారా? ‘పెళ్లికి కూడా ఆ అవతారంతోనే వస్తాడా’ అన్న సణుగుడు, భయపడిపోయిన తల్లి నోట్లో పడి ‘రావద్దన్నారు’ అయిపోవడానికి ఎంతసేపు పడుతుంది?

హాస్టల్ సంగతి వేరు. పదహారేళ్ల పిల్లలను వరసలో నిలబెట్టి తల గీసేయడాన్ని క్రమశిక్షణ అనే కాలేజీలంటే నాకు ఒళ్లు మంట. జుట్టుంటే చదువు తలకెక్కదని ఏ పాఠ్యపుస్తకంలో ఉందో వాళ్లే చెప్పాలి. నీ కోపం న్యాయమైనదే. అయితే ఆ కోపాన్ని ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆయన ముందు నోరు తెరిచి చెప్పావా? ఉత్తరం చూస్తే చెప్పినట్టు లేదు. మాటతో చెప్పాల్సింది జుట్టు పెంచి చూపించావు. హెడ్మాస్టరుగా పనిచేసిన ఆయనకు జుట్టు పెరిగిన కుర్రవాడంటే ప్రేయరు వరసలోంచి బయటికి పిలిచి నిలబెట్టిన పిల్లవాడే గుర్తొస్తాడు. అందులో నీ ఫిర్యాదు ఉందని ఆయనకు ఎలా తెలుస్తుంది?

మీ నాన్నగారిని వెనకేసుకొస్తున్నానని అనుకోకు. కూతురి పెళ్లికి కొడుకు రావడానికి షరతు పెట్టే అధికారం ఏ తండ్రికీ లేదు. బడి నడిపినట్టు ఇల్లు నడపడం ఆయన చేసిన తప్పు. పిల్లవాడికి ఏది ఇష్టమో అడక్కుండా ఎంపీసీలో పడేయడం అంతకంటే పెద్ద తప్పు. ఆయనే నాకు ఉత్తరం రాసి ఉంటే ఇంతకు రెట్టింపు చీవాట్లు తినేవారు. రాసింది నువ్వు కాబట్టి నీ వంతు నువ్వు విను.

ఈ పెళ్లి కోసం మాత్రం జుట్టు తీయించుకోవద్దు. బెదిరింపుకు లొంగి క్రాపు చేయించుకుంటే పెళ్లి ఫోటోలు అన్నిటిలోనూ నీ మొహంలో ఆ కక్ష కనిపిస్తుంది. ఆయనకూ గెలిచిన సంతోషం మిగలదు, కొడుకు తలవంచుకుని తిరుగుతుంటే ఏ తండ్రికి బాగుంటుంది? పెద్దలకు మర్యాద ఇవ్వాలన్నది నా గట్టి నమ్మకం. కానీ మన దేహాన్ని వాళ్ల చేతికి అప్పగిస్తేనే అది మర్యాద అంటే నేను ఒప్పుకోను. అలాగని నువ్వు పంతానికి పెంచుతున్నా నాకు ఇష్టం లేదు. పంతానికి పెంచినది కూడా ఆయన చేతిలో ఉన్నట్టే లెక్క.

వచ్చే శనివారం ఊరికి బయలుదేరు. పండగ కోసం ఆగకు, పండగ అంటే ఇంటి నిండా జనం. అమ్మకు ముందుగా చెప్పకు, చెబితే ఆవిడ మళ్లీ రాయబారం మొదలుపెడుతుంది. స్టెంటు వేయించుకున్నవాళ్లను డాక్టర్లు నడవమంటారు కాబట్టి ఆయన పొద్దున్నే నడకకు వెళ్తూనే ఉంటారు. చెప్పులు వేసుకుని వెంట నడువు. పక్కపక్కన నడిచేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు, మన తండ్రీకొడుకులకు అది పెద్ద సదుపాయం. వీధి చివరిదాకా ఇద్దరూ మాట్లాడరు, ఫర్వాలేదు. ముందు మందుల గురించి అడుగు. ఏవి వేసుకుంటున్నారు, మళ్లీ గుండె డాక్టరు ఎప్పుడు రమ్మన్నాడు, ఎవరు తీసుకెళ్తున్నారు. పోయిన ఏడాది ఆసుపత్రిలో నువ్వు ఎన్నాళ్లు ఉన్నావో నాకు రాయలేదు, తక్కువే ఉన్నావని నా అనుమానం. ఈసారి చూపించడానికి నువ్వే తీసుకెళ్తానని చెప్పు.

ఆ తర్వాత ఈ మాటలు నీ నోటితో అను: ‘నాన్నా, గుండు చేయించుకుంటానా అని అడిగారట. అమ్మతో ఏదో కసిరాను, అలా అనకుండా ఉండాల్సింది. కొడుకుగా నేను చేయాల్సినవన్నీ చేస్తాను, దానికి మీకు అనుమానం అక్కర్లేదు. జుట్టు మాత్రం ఇప్పుడు తీయను. పెళ్లిలో నేనేం పనులు చూసుకోవాలో చెప్పండి.’ ఇంతే. వివరణలు జోడించకు, హాస్టల్ ఊసు ఆ రోజు ఎత్తకు. అది పెళ్లి హడావిడి తగ్గాక తీరిగ్గా చెప్పాల్సిన సంగతి, తప్పకుండా చెప్పాలి కూడా.

ఆయన కరిగిపోయి కావలించుకుంటారని ఆశ పెట్టుకోకు. కాసేపు మాట్లాడరు. తర్వాత ‘షామియానా వాడు ఫోనెత్తడం లేదు, నువ్వు చేసి చూడు’ అంటారు. రాజీ అంటే అదే. వెంటనే ఫోన్ తీసి చెయ్యి. ఒకవేళ కోపంతో ఇంటికి వెళ్లిపోయారనుకో, నువ్వూ వెనకే వెళ్లి టిఫిను తిను. ఆ పూట హైదరాబాద్ బస్సు ఎక్కకు.

పెళ్లికూతురి అన్నగా నీకు బోలెడు పని ఉంది. మీ ఇంట కాశీయాత్ర వేడుక ఉంటే, గొడుగు పట్టుకుని బయలుదేరిన పెళ్లికొడుకును బెల్లం ముక్క పెట్టి బతిమాలి వెనక్కి తేవాల్సింది నువ్వే. అప్పుడు అందరి కళ్లూ నీ తల మీదే ఉంటాయి. ‘మొక్కు ఎప్పుడు తీర్చుకుంటావురా’ అని ఒక అత్తయ్య తప్పకుండా అడుగుతుంది. ‘మొక్కేమీ లేదత్తా, ఇష్టమై పెంచుకున్నాను’ అని నవ్వుతూ చెప్పు. అలా చెప్పబోతున్నానని అమ్మకు ముందే ఒక మాట వేసి ఉంచు, నలుగురిలో ఆవిడ చిన్నబోకూడదు.

ఇక నువ్వడిగిన జుట్టు. ఊడిపోతోందన్న భయం అక్కర్లేదు. ఎవరికైనా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలతాయి. తిన్నని జుట్టులోంచి అవి ఎప్పటికప్పుడు జారిపోతాయి. ఉంగరాల్లో చిక్కుకుని ఉండిపోయి, నువ్వు తలస్నానం రోజున దువ్వితే ఒక్కసారిగా గుప్పెడై కనిపిస్తాయి. నుదుటి అంచున, కణతల దగ్గర పలచబడుతుంటే మాత్రం తేలిగ్గా తీసుకోకు. రోజూ బిగించి ముడి వేసేవాళ్లకు కుదుళ్లు లాగుకుపోయి అక్కడ ఊడుతుంది, ఏళ్ల తరబడి అశ్రద్ధ చేస్తే తిరిగి రాదు. నీ తలనొప్పికి కూడా హెల్మెట్ కింద నెత్తిన ఉన్న ఆ ముడే కారణం కావచ్చు. మెడ దగ్గర వదులుగా కట్టి చూడు, అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించు.

ఆరిన జుట్టును దువ్వెనతో గీకకు. తడిగా, కండిషనర్ రాసి ఉండగానే వెడల్పు పళ్ల దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి రా. షాంపూ మాడుకు పట్టిస్తే చాలు. టవల్‌తో రుద్దడం మాని పాత నూలు పంచెలో చుట్టి నీరు పీల్చనిస్తే ఆరే సమయం తగ్గుతుంది. తడి తలనే ముడి వేసుకుని ఆఫీసుకు పరుగెత్తకు.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అరగంటలో తీసేసినదాన్ని మళ్లీ తెచ్చుకోవాలంటే నీకు ఇంకో మూడేళ్లు. అందుకే కోపం మీద కత్తెర దగ్గరికి వెళ్లవద్దంటున్నాను. పెళ్లయి, అందరూ నీ తల గురించి మాట్లాడడం మానేశాక చూసుకో. ఆదివారం సగం రోజు ఆరబెట్టుకోవడం నీకు సరదాగా ఉంటే ఉంచుకో, విసుగ్గా ఉంటే తీసేయి. అప్పుడు ఎవరికీ ఓడినట్టు కాదు. పెళ్లికి ముందు చివర్లు మాత్రం ఒక అంగుళం కత్తిరించుకో. అది నాన్న కోసమని గొణుక్కోకు, చిట్లిన చివర్లకు అది కావాలి.

ఇంకొకటి. ఇంత ఉత్తరంలో నాన్న ఉన్నారు, అమ్మ ఉంది, హాస్టల్ ఉంది. పెళ్లికూతురు ఏమందో ఒక్క ముక్క లేదు. అన్న వస్తాడో రాడో తెలియకుండా ఆ పిల్ల పెళ్లిచీరలు ఎంచుకుంటోంది. ఈ సాయంత్రమే ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పు. ఎంత డబ్బు సర్దగలవో కూడా చెప్పు. ఈ ఫోను అమ్మకు కాదు, నేరుగా చెల్లికే.