టెక్ సందేహాలు: లైబ్రరీలో తెరుచుకున్న పేపర్ ఇంటికొస్తే డబ్బులడుగుతోంది!

కాకతీయ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. లైబ్రరీలో కూర్చుంటే తెరుచుకునే జర్నల్ పేపర్, జనగామలో మా ఇంటికొచ్చాక డాలర్లలో ధర చూపిస్తోంది. బ్రౌజర్ మార్చినా అంతే. – ఓ పరిశోధక విద్యార్థిని

ముందు కార్డు లోపల పెట్టేయండమ్మా, రూపాయి కూడా కట్టొద్దు. మీ ల్యాప్‌టాప్‌లో తప్పేం లేదు. పబ్లిషర్ సైటుకు మీరెవరో తెలియదు, మీరు ఏ నెట్ మీద వచ్చారో మాత్రమే తెలుసు. క్యాంపస్ నెట్ ఐపీ అడ్రస్ (నెట్ కనెక్షన్‌ను గుర్తించే నంబర్) చందా ఉన్న సంస్థల చిట్టాలో ఉంటుంది కాబట్టి అక్కడ పేపర్ తెరుచుకుంటుంది. ఇంట్లో వాడే మొబైల్ డేటా అడ్రస్ ఆ చిట్టాలో ఉండదు.

దీనికి మందు రిమోట్ యాక్సెస్. యూనివర్సిటీ లైబ్రరీలను నెట్‌తో కలిపే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ ఇన్‌ఫెడ్ పేరుతో ఈ ఏర్పాటు నడుపుతోంది. పబ్లిషర్ సైటులో సంస్థ ద్వారా లాగిన్ అయ్యే బటన్ ఉంటుంది. అందులో యూనివర్సిటీ పేరు ఎంచుకుని మీ ఐడీ, పాస్‌వర్డ్ కొడితే ఇల్లయినా హాస్టలయినా ఒకటే. ఆ ఐడీ లైబ్రరీవాళ్లే ఇవ్వాలి. ఐడీ కార్డు పట్టుకుని వెళ్లి, 'ఆఫ్ క్యాంపస్ లాగిన్ కావాలి' అని అడగండి. కొత్త బ్యాచ్‌కు పెట్టే ఓరియెంటేషన్‌లో చెప్పే ముఖ్యమైన సంగతి ఇదే. ఆ రోజే సగం మంది క్యాంటీన్‌లో ఉంటారనుకోండి!

ఇదే ప్రశ్న అడిగిన హుజూరాబాద్ ప్రైవేటు కాలేజీ లెక్చరర్‌గారి సంగతి వేరు. 2025 జనవరి 1న మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే కేంద్ర పథకం కింద 30 పబ్లిషర్లకు చెందిన దాదాపు 13,000 జర్నళ్లు వస్తున్నాయి. కానీ అవి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకే. సార్, మీరు బ్రౌజర్‌లో అన్‌పేవాల్ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. చట్టబద్ధంగా ఉచితంగా పెట్టిన కాపీ ఎక్కడైనా ఉంటే చూపిస్తుంది. లేదంటే రచయితకే మెయిల్ పెట్టండి. చాలామంది సంతోషంగా పంపుతారు.

తెలుగులో రాసిన నా థీసిస్‌ను సిమిలారిటీ చెక్‌కు (వేరేచోటి రాతలతో పోలిక ఎంతుందో చూసే పరీక్షకు) ఇస్తే దాదాపు సున్నా శాతం వచ్చింది. గైడ్ సార్ మాత్రం అనుమానంగా చూస్తున్నారు. – హన్మకొండ

అనుమానం సరైనదే. డీటీపీ చేయించింది 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలోనా? అయితే పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే సంగతి తెలిసిపోయినట్టే. పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లకే తెలుగు బొమ్మలు తొడుగుతాయి. కంటికి తెలుగు కనిపిస్తుంది, సాఫ్ట్‌వేర్‌కు చెత్త కనిపిస్తుంది. ఆ చెత్త ఇంకెక్కడా ఉండదు కాబట్టి పోలికా దొరకదు!

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. కానీ చదవలేని ఫైలుకు వచ్చిన సున్నాకు విలువేముంది? పైగా రేపు థీసిస్‌లు ఆన్‌లైన్‌లో ఉంచే శోధగంగలో పెట్టాక మీ థీసిస్ లోపలి మాట ఒక్కటీ సెర్చ్‌లో తగలదు. నాలుగేళ్ల కష్టం కంటికి కనిపించని అరలో పడ్డట్టే. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లున్న పద్ధతిలోకి) మార్చండి. అను 6, 7 వెర్షన్లకు వేర్వేరు ఆప్షన్లుంటాయి, డీటీపీ చేసినవాళ్లను అడిగి సరైనది ఎంచుకోండి. మార్చాక ఒత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు తప్పకుండా చూసుకోండి. ఎక్కువ దెబ్బతినేది అవే. మండలి, గౌతమి లాంటి యూనికోడ్ ఫాంట్ పెట్టుకుంటే ప్రింటూ బాగుంటుంది.

లైబ్రరీలో జొటేరో వర్క్‌షాప్ పెడుతున్నారట. ల్యాప్‌టాప్ లేదు, ఫోన్‌తో వెళ్లొచ్చా? – ములుగు

వెళ్లండి. జొటేరో అంటే థీసిస్‌కు కావాల్సిన రెఫరెన్సులు పోగేసి పెట్టే సాఫ్ట్‌వేర్. పోగేయడానికి దాని ఫోన్ యాప్ చాలు. వాటిని వర్డ్‌లో చేర్చే పని మాత్రం కంప్యూటర్ మీదే, లైబ్రరీ సిస్టమ్‌లో చేసి చూపించమనండి. సాఫ్ట్‌వేర్ ఉచితం. పీడీఎఫ్‌లు దాచుకునే ఆన్‌లైన్ స్థలం 300 ఎంబీ వరకే ఉచితం.

జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్ తీయించాక పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లయ్యాయి. – కరీంనగర్

ఆ షార్ట్‌కట్‌ల మీద క్లిక్ చేయొద్దు, చేస్తే వైరస్ మీ సిస్టమ్‌లోకి ఎక్కుతుంది. ఫైళ్లు చాలావరకు పోవు, దాక్కుంటాయి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు చూపించమని పెట్టి, సిస్టమ్ ఫైళ్లను దాచే టిక్ కూడా తీసేయండి. పేరు లేని ఫోల్డర్ కనిపిస్తే అందులోనే ఉండొచ్చు. యాంటీవైరస్‌తో స్కాన్ చేసి, ఫైళ్లు దింపుకున్నాకే ఫార్మాట్ చేయండి. ఇకపై ప్రింట్‌కు పీడీఎఫ్ మెయిల్ చేస్తే సరి.