పాత బోర్డులకు కొత్త డిస్కులు బిగించే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఆఫీసులు తీసివేసిన పాత కంప్యూటర్లు కొని, వాటికి కొత్త డిస్కులు బిగించి మన ఊరి గ్రంథాలయంలో పెట్టబోతున్నావనీ, ఇంటింటా ఉన్న పాత ఫోటోలూ దస్తావేజులూ స్కాన్ చేసి వాటిలో దాచబోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. విన్నప్పటి నుంచి సంతోషమూ గుబులూ రెండూ నన్ను వదలడం లేదు. పిల్లలు టైపింగ్ నేర్చుకోవడానికి మాత్రమే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఊరివాళ్లు తమ పెళ్లి ఫోటోలూ పొలం కాగితాలూ నిన్ను నమ్మి ఇవ్వబోతున్నారు కనుక రాస్తున్నాను.

నీకు తెలిసినవే ముందు చెప్పి వదిలేస్తాను. మూత తీసే ముందు కరెంటు వైరు పీకివేయి. డిస్కును బోర్డుకు కలిపే సాటా కేబుళ్లు కొత్తవి కొను. కంప్యూటరు ఆన్ కాగానే మొదట నడిచే బయోస్ అనే ప్రోగ్రాంలో, డిస్కుతో మాట్లాడే పద్ధతిని (మోడును) పాత ఐడీఈ నుంచి కొత్త ఏహెచ్‌సీఐకి మార్చదలిస్తే విండోస్ ఎక్కించక ముందే మార్చు, లేకపోతే విండోస్ తెరుచుకోక బ్లూ స్క్రీన్ వస్తుంది.

బోర్డుకు, అంటే కంప్యూటరు లోపలి మదర్‌బోర్డుకు, డిస్కు కనబడకపోతే కంగారు పడవద్దు. వీఐఏ వారి వీటీ8237 చిప్‌సెట్ (డిస్కులూ మిగతా భాగాలతో బోర్డును కలిపే చిప్పులు) ఉన్న బోర్డులు సెకనుకు 3 గిగాబిట్ల డిస్కుతో వేగం కుదుర్చుకోలేవు. ఆ కాలపు హార్డ్ డిస్కులకు వెనుక పిన్నులు ఉండేవి. వాటికి జంపర్ అనే చిన్న తొడుగు పెట్టి వేగాన్ని 1.5 గిగాబిట్లకు దించితే పని జరిగేది. తిరిగే పళ్లెం లేని ఇప్పటి చిప్పుల డిస్కులకు, అంటే ఎస్ఎస్‌డీలకు, ఆ పిన్నులే లేవు కాబట్టి అలాంటి బోర్డు చేతికి వస్తే పక్కన పెట్టెయ్యి. కనబడని డిస్కు ఎవరి ఫోటోనూ పోగొట్టదు. చక్కగా కనబడుతూ, అడిగినదంతా రాసుకుంటున్నట్టు నటించే డిస్కు అంటేనే నాకు ఈనాటికీ భయం.

2004 ప్రాంతంలో నేను సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో ఒక కంప్యూటరు షాపులో పని చేస్తున్నప్పుడు ఒక ఫోటో స్టూడియో యజమాని తన కంప్యూటరు పట్టుకుని వచ్చాడు. అంతకు ముందు వేరే చోట ఒక టెక్నీషియన్ ఆ పాత బోర్డుకు 160 జీబీ డిస్కు బిగించి, బయోస్ అప్‌డేట్ చేసి, తెర మీద మొత్తం సైజు కనబడగానే పని పూర్తయిందని పంపించాడట. బయోస్ నిజమే చెప్పింది. విండోస్ నడిచేటప్పుడు డిస్కుతో మాట్లాడేది బయోస్ కాదనీ, చిప్‌సెట్‌ను నడిపే డ్రైవరు అనే ప్రోగ్రామనీ అతను ఆలోచించలేదు. ఆ కంప్యూటరులో ఉన్నది విండోస్ 98 నాటి డ్రైవరు. అది సెక్టారు (డిస్కు మీది ఒక్కో చిన్న గడి) నంబరును 28 బిట్లలోనే రాయగలదు; అంటే 26,84,35,456 సెక్టార్లు, ఒక్కొక్కటి 512 బైట్ల చొప్పున సుమారు 137 జీబీ. అది దాటిన నంబరులో పై బిట్టు రాలిపోయి, స్కూటరు మీటరు చివరికి వెళ్లి మళ్లీ సున్నాల దగ్గర మొదలైనట్టు, రాత డిస్కు మొదటికి వచ్చి పడుతుంది. డిస్కు మొదట్లో ఉండేది ఫైళ్ల పట్టిక. నెలల తరబడి ఏ ఇబ్బందీ లేదు, ఒక్క ఎర్రర్ సందేశమూ రాలేదు. డిస్కు 137 జీబీ దాటి నిండిన రోజున, కొత్తగా ఎక్కించిన పెళ్లి ఫోటోలే పాత ఫోటోల పట్టికను చెరిపేశాయి. రికవరీ సాఫ్ట్‌వేరుతో కొన్ని బొమ్మలు బయటికి తీశాము కానీ, పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు, చాలావాటిలో సగం బొమ్మే మిగిలింది. ఆ తరువాత ఒక పెళ్లికూతురు షాపుకు వచ్చి, తన తండ్రి ఫోటో ఏదైనా దొరికిందేమోనని అడిగింది. ఆమెకు ఇప్పటి నీ వయసే ఉంటుంది. ఇంటెల్ 815, 845 వంటి చిప్‌సెట్లకు అప్లికేషన్ యాక్సిలరేటర్ అనే ఉచిత డ్రైవరు అప్పటికే ఉంది. దాన్ని ఎక్కించి ఉంటే 48 బిట్ల నంబర్లు నడిచేవి. విండోస్ ఎక్స్‌పీకి 2002లో సర్వీస్ ప్యాక్ 1 అనే అప్‌డేట్ వచ్చాకే ఆ సౌకర్యం అందింది.

అది పాత కాలపు కథ కదా అని పక్కన పెట్టవద్దు తల్లీ. 32 బిట్ల దగ్గర, అంటే 2.2 టీబీ దగ్గర, అదే జబ్బు మళ్లీ వచ్చింది. పాత డ్రైవరు ఉన్న కంప్యూటరుకు 3 టీబీ డిస్కు పెడితే 746 జీబీ అని చూపించడం అందుకే. ఆ అంకె కనబడితే ఫార్మాట్ బటన్ జోలికి పోకుండా డిస్కు తీసివేయి. చవకగా దొరికిందని పెద్ద డిస్కు కొనే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది, మీ అమ్మ పోలిక. ఈ పనికి ఆ అలవాటు మానుకో; పాత బోర్డుకు 2 టీబీ లోపు డిస్కే కొను.

మరొక సంగతి. 2011 మొదట్లో వచ్చిన ఇంటెల్ 6 సిరీస్ చిప్‌సెట్‌లో లోపం ఉందని ఆ కంపెనీయే 2011 జనవరి 31న ప్రకటించింది. డిస్కు కేబుల్ తగిలించే పోర్టుల్లో తొలి రెండు 6 గిగాబిట్ల పోర్టులు బాగానే ఉంటాయి, మిగిలిన 3 గిగాబిట్ల పోర్టులు కాలక్రమేణా బలహీనపడవచ్చు. బీ3 అనే స్టెప్పింగ్‌లో, అంటే చిప్పు సవరించిన కూర్పులో, దాన్ని సరిదిద్దారు. ఆఫీసులు ఇప్పుడు తీసివేస్తున్నవాటిలో అలాంటి బోర్డు తగలవచ్చు. స్టెప్పింగ్ ఏదో తేలేదాకా ఆ తొలి రెండు పోర్టులే వాడు.

బిగించిన ప్రతి డిస్కునూ ఊరివాళ్ల ఫోటో ఒక్కటైనా ఎక్కించక ముందే చివరి సెక్టారు దాకా నింపి, తిరిగి చదివించి సరిపోల్చు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రాం ఆ పని చేస్తుంది. పెద్ద డిస్కుకు రాత్రంతా పడుతుంది, పట్టనీ. లైబ్రరీ తెరవడం వారం ఆలస్యమైనా ఎవరూ నిన్ను తప్పుపట్టరు. స్కాన్ చేసినదాని రెండో కాపీ వేరే ఇంట్లో, వేరే డిస్కులో ఉంచు.

ఒక్కో కంప్యూటరు మూత తీసి బోర్డు మీద ముద్రించిన మోడల్ నంబరు ఫోటో తీసి నాకు పంపించు. వేటికి ఏ డిస్కు కొనాలో రాసి పంపిస్తాను, అప్పటిదాకా డిస్కులకు డబ్బు కట్టవద్దు.

ఆశీస్సులతో,
మామయ్య