సర్కోవైరస్ ఉందంటే మంద పోయినట్టేనా?

ప్రశ్న: దేవరకొండ దగ్గర 40 పందులతో ఫారం పెట్టాను. పాలు మాన్పించిన పిల్లల్లో ఐదారు మేత ముట్టక వెన్నుపూస తేలి ఎండిపోతున్నాయి. రక్తపరీక్షలో సర్కోవైరస్ అన్నారు. మందంతా పోతుందా? ఒకటే టెన్షన్.

జవాబు: పోదండి. సర్కోవైరస్ టైప్ 2 ప్రపంచంలో దాదాపు ప్రతి పందుల ఫారంలోనూ ఉండేదే, నిగనిగలాడుతూ తిరిగే పందుల రక్తం తీసినా చాలావాటిలో దాని యాంటీబాడీలు (వైరస్‌తో పోరాడటానికి ఒంట్లో తయారయ్యే పదార్థాలు) కనిపిస్తాయి, అందుకే ఒక్క రిపోర్టు చూసి ఇదే జబ్బని తేల్చేయకూడదు. జున్నుపాల రక్షణ తగ్గే వయసులో ఇరుకో, ఇంకో జబ్బో తోడైతే కొన్ని పిల్లలు ఇలా చిక్కిపోతాయి. చనిపోయిన పిల్లకు పోస్ట్‌మార్టం తప్పక చేయించండి, గజ్జల్లో లింఫ్ గ్రంథులు ఉబ్బాయేమో డాక్టరు చూస్తారు. వైరస్‌ను చంపే మందు లేదు. టీకా ఉంది, సాధారణంగా 3 వారాల వయసులో వేస్తారు. చిక్కినవాటిని ఇవాళే వేరు చేయండి, ఒకే గదిలో కుక్కకండి. ఈ వైరస్‌తో మనుషులకు జబ్బు రాదు, ఇంట్లో చిన్నపిల్లలున్నా కంగారుపడక్కర్లేదు. కానీ పెద్ద పందులు కూడా ఒళ్లు కాలిపోతూ, చెవులు ఎర్రబడి, వరసగా చచ్చిపోతుంటే అది స్వైన్ ఫీవర్ (పందులకు వచ్చే ప్రాణాంతకమైన అంటుజబ్బు) కావచ్చు, అప్పుడు ఒక్క పందినీ బయటికి అమ్మకుండా వెంటనే పశువుల ఆస్పత్రికి ఫోన్ చేయండి.