వేలు చూపించడం కూడా మాటే
పాఠకుల ప్రశ్నలకు స్పీచ్ థెరపిస్ట్ జవాబులు

ప్రశ్న: మా పాపకి 13వ నెల నడుస్తోంది. నన్ను చూసి "అమ్మ" అంటుంది. అది తప్ప ఒక్క మాట లేదు. మా ఆడపడుచు కొడుకు ఈ వయసుకి పది మాటలు చెప్పేవాడట. ఇది మాత్రం పొద్దస్తమానం "దద్దద్ద, బబ్బబ్బ, అత్తిక్క" అంటూ తనలో తనే ఏదో చెప్పుకుంటుంది. ఫ్యాను తిరుగుతుంటే వేలు చూపించి, నా వైపు తిరిగి "ఊ!" అంటుంది. "బంతి ఏదీ?" అంటే మంచం కింద వెతుకుతుంది. నేను చెప్పులు వేసుకుంటే గుమ్మం దాకా వచ్చి చెయ్యి ఊపుతుంది. మాటలు మాత్రం రావడం లేదు. "ఇంకా మాట్లాడదేం?" అని ఇంటికొచ్చినవాళ్లందరూ అడుగుతుంటే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీరు నిద్రపోండి. మాటలు రావడం లేదని రాసిన ఆ ఉత్తరంలోనే పాప రోజంతా మీతో ఏమేం చెబుతోందో మీరే రాసేశారు. నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఏడాది దాటిన పిల్లని నా దగ్గరికి తీసుకొస్తే మొదట చూసేది సరిగ్గా మీరు రాసినవే. పేరు చెబితే ఆ వస్తువు కోసం వెతుకుతోందా? వేలు చూపిస్తోందా? చూపించి మన ముఖంలోకి చూస్తోందా? చెయ్యి ఊపడం లాంటి సైగలున్నాయా? మాటలెన్ని అన్నది ఆ తర్వాత అడుగుతాను.

వీటన్నిటిలో నాకు ఎక్కువ సంతోషం కలిగించింది ఆ ఫ్యాను. పిల్లలు వేలు చూపించడంలో రెండు రకాలున్నాయి. అందని బంతిని చూపించి "ఇవ్వు" అనడం ఒకటి. ఫ్యాను సంగతి అది కాదు. ఫ్యాను తెచ్చి చేతికివ్వమని మీ పాప అడగడం లేదు కదా! "అమ్మా, తిరుగుతోంది చూశావా?" అంటోంది. తనకి కావలసిందేమీ లేకపోయినా, తను చూసిన వింత మీరూ చూడాలని దాని తాపత్రయం. ఏదైనా కావాలంటే ఏడ్చి సాధించుకోవచ్చు. చూసింది ఇంకొకరికి చెప్పుకోవాలంటే ఏడుపు పనికిరాదు, దానికి మాటే కావాలి. అందుకే ఆ చూపుడువేలు కనిపిస్తే నేను ధైర్యంగా ఉంటాను. చాలామంది పిల్లల్లో అది 9 నుంచి 14 నెలల మధ్య మొదలవుతుంది. మీ పాప అప్పుడే ఊరికే చూపించి మురిసిపోయే దాకా వచ్చేసింది.

ఇక ఆ "ఊ!" సంగతి. మీరు దాన్ని మాటల్లో కలపలేదు. నన్నడిగితే ఒక వారం గమనించి చూడండి. ఒకే వస్తువుకి, ఎప్పుడూ ఒకే శబ్దాన్ని, కావాలని వాడితే అది మాటే. కుక్కని చూసినప్పుడల్లా "బౌ" అంటే మాటే. నీళ్లని "నీ" అన్నా మాటే. మనలా పలకడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. పెదాలతో పలికే మ, బ, ప ముందు వస్తాయి, ర లాంటివి బాగా వెనక వస్తాయి. ఒకవేళ ఫ్యానుకీ లైటుకీ పిట్టకీ అన్నిటికీ "ఊ!" అనే అంటోందనుకోండి, అది ఫ్యాను పేరు కాదు, "చూడు" అని మిమ్మల్ని పిలవడం. అలా అయినా నాకు సంతోషమే.

ఆడపడుచు గారి అబ్బాయితో పోల్చడం మానేయండి. ఈ వయసులో పిల్లకీ పిల్లకీ ఉండే తేడా చాలా ఎక్కువ. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ, ఏ వయసుకి పిల్లలు ఏం చేస్తారో చెప్పే పట్టికని 2022లో సవరించింది. నూటికి 75 మంది, అంతకన్నా ఎక్కువ మంది చేయగలిగినవే అందులో ఉంచింది. 12 నెలలకి అందులో ఉన్నది: చెయ్యి ఊపి టాటా చెప్పడం, అమ్మనో నాన్ననో పిలవడం, "వద్దు" అంటే ఒక్క క్షణమైనా ఆగడం. 15 నెలలకి అమ్మానాన్నల పిలుపు కాక మరో ఒకటి రెండు మాటలకి ప్రయత్నం చేయడం. 18 నెలలకి మూడు లేదా అంతకన్నా ఎక్కువ. గమనించారా, "ప్రయత్నం" అనే ఉంది. స్పష్టంగా పలకాలని ఎక్కడా లేదు.

పైకి వినిపించే మాటలు కొన్నే అయినా లోపల జరిగే పని చాలా ఉంటుంది. 2012లో వచ్చిన ఒక పరిశోధన నాకు చాలా ఇష్టం. 6 నుంచి 9 నెలల పిల్లలకి బొమ్మలు చూపించి, వాటిలో ఒకదాని పేరు తల్లి చేతో తండ్రి చేతో చెప్పించారు. పిల్లల చూపు ఆ బొమ్మ మీదే ఎక్కువసేపు నిలిచింది. ఒక్క మాట కూడా రాని పిల్లలు వాళ్లు! అంతకన్నా ముందు, 1984లో, జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని పసిపిల్లలకి హిందీలోని త, ట శబ్దాలు వినిపించారు. 6 నుంచి 8 నెలల పిల్లల్లో ఎక్కువమంది ఆ తేడా పట్టేశారు. 10 నుంచి 12 నెలల పిల్లల్లో ఎక్కువమంది పట్టలేకపోయారు. తమ ఇంట్లో అక్కర్లేని తేడాని అప్పటికే వదిలేశారన్నమాట. తెలుగు వింటూ పెరుగుతున్న మీ పాపకి ఆ రెండూ కావాలి, అందుకని అట్టిపెట్టుకుంటుంది. ఏమీ రావడం లేదని మీరు దిగులుపడుతున్న ఈ నెలల్లోనే ఆ పనంతా జరుగుతోంది.

మరి మీరేం చేయాలి? అది ఫ్యాను చూపించి "ఊ!" అనగానే "ఫ్యాను! ఫ్యాను తిరుగుతోంది" అని చెప్పి, ఆగండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. నా దగ్గరికి వచ్చే తల్లులకి అన్నిటికన్నా కష్టమైన పని ఈ ఆగడమే. మూడు అంకెలైనా కాకుండానే మళ్లీ వాళ్లే అందుకుంటారు. పాప వంతు వచ్చిందని పాపకి తెలియాలంటే మన వైపు నుంచి కాస్త మౌనం ఉండాలి. ఆ పదిలో అది ఏ చిన్న శబ్దం చేసినా, చెయ్యి కదిపినా, అదే జవాబు అనుకుని మళ్లీ మీరు అందుకోండి. చుట్టాల ముందు "అదేంటో చెప్పు, ఇదేంటో చెప్పు" అనే పరీక్షలు మాత్రం దయచేసి వద్దు. గొంతు సాగదీసి, ముద్దుగా మాట్లాడటంలో తప్పేమీ లేదు, పసిపిల్లలు ఆ గొంతునే శ్రద్ధగా వింటారు. వాడే మాటలు మాత్రం అసలు మాటలై ఉండాలి.

15 నెలలు నిండాక కూడా కొత్త మాట కోసం ప్రయత్నమే కనిపించకపోతే పిల్లల డాక్టరుకి చెప్పండి. వచ్చిన మాటలు, చేస్తున్న సైగలు పోతే మాత్రం ఏ వయసులోనైనా సరే, ఆ వారమే వెళ్లాలి.

ప్రశ్న: మా బాబుకి 14 నెలలు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు. తలుపు ధడాలున పడితే మాత్రం ఉలిక్కిపడతాడు, అందుకని చెవులు బాగానే ఉన్నాయనుకుంటున్నాం. నాలుగైదు నెలలప్పుడు "ఉంగా ఉంగా" అని తెగ కబుర్లు చెప్పేవాడు. ఇప్పుడు అదీ తగ్గిపోయింది. మగపిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారు, రెండేళ్ల దాకా చూడమని పెద్దవాళ్లు అంటున్నారు. ఆగమంటారా? – ఒక తండ్రి

జవాబు: ఆగొద్దండి. ఈ వారమే వినికిడి పరీక్షకి తీసుకెళ్లండి.

తలుపు పడితే ఉలిక్కిపడటాన్ని నేను లెక్కలోకి తీసుకోను. అది పెద్ద చప్పుడు, పైగా నేల అదురుతుంది. మన మాటల్లోని స, త, క లాంటి సన్నటి శబ్దాలు వాడికి అందుతున్నాయో లేదో అది చెప్పదు. "ఉంగా" కూడా అంతే. పుట్టుకతో చెవుడు ఉన్న పిల్లలు కూడా మొదటి నెలల్లో ఉంగా కొడతారు. తేడా ఆ తర్వాత బయటపడుతుంది. 6 నుంచి 10 నెలల మధ్య "బబబ, దదద, మమమ" అంటూ హల్లు, అచ్చు కలిపి వరసగా పలకాలి. తన గొంతు తనకి వినిపించే పిల్లలకి అదొక ఆట. వినిపించకపోతే ఆ ఆట సాగదు, ఉన్న కబుర్లు కూడా తగ్గుతాయి. మీరు రాసింది చదవగానే నా మనసులోకి వచ్చింది ఇదే.

నేను చేసిన తప్పొకటి మీకు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక తల్లి ఏడాది పాపని తీసుకొచ్చింది. పాప వెనక నిలబడి గిలక ఆడించాను. తిరిగింది. ఇంకోసారి ఆడించాను. మళ్లీ తిరిగింది. "వినిపిస్తోందమ్మా, ఆర్నెల్లు చూద్దాం" అని పంపేశాను. ఆర్నెల్ల తర్వాత పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ తీవ్రమైన లోపం. పాప తిరిగింది గిలక చప్పుడుకి కాదు, ఎదుటి గోడ మీద కదిలిన నా చేతి నీడకి. చెవి మిషను పెట్టిన రోజున అది తల్లి గొంతు విని నిశ్చలంగా అయిపోయి, తర్వాత ఆమె పెదాలు ముట్టుకుని చూసింది. ఆ క్షణం ఆరు నెలల ముందే రావలసింది. రాకపోవడానికి కారణం నేను. అప్పటి నుంచి నా గదిలో గిలక లేదు. "వినిపిస్తోందేమో" అని ఎవరికీ చెప్పను, పరీక్షకి పంపిస్తాను.

పరీక్షలకి భయపడకండి. ఓఏఈ అంటే చెవిలో మెత్తటి చిన్న గొట్టం లాంటిది పెట్టి లోపలి చెవి స్పందనని కొలుస్తారు, కొద్ది నిమిషాల పని. బెరా అంటే బాబు నిద్రపోతుండగా తలకి తీగలు అంటించి, చప్పుడు నాడి గుండా మెదడు దాకా వెళుతోందో లేదో చూస్తారు. రెండిటిలోనూ నొప్పి ఉండదు. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో పాసయ్యాడు కదా అని ఊరుకోవద్దు. కొన్ని రకాల లోపాలు తర్వాత వస్తాయి. జలుబు తర్వాత మధ్య చెవిలో నీరు చేరి నిలిచిపోయినా మాటలు మసకగా వినిపిస్తాయి, దానికి మంచి వైద్యం ఉంది.

మగపిల్లల గురించి: సగటున ఆడపిల్లల కన్నా కొంచెం వెనకగా మాట్లాడతారన్నది నిజమే, ఆ తేడా చిన్నది. పిలిస్తే తిరగకపోవడానికి అది కారణం కాదు.

వినికిడి చక్కగా ఉందని తేలితే పని అయిపోయిందనుకోకండి. పేరుకి పలకకపోవడంతో పాటు వేలు చూపించకపోవడం, కళ్లలోకి చూడకపోవడం ఉంటే పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు ఆటిజం కోణంలో కూడా చూడాలి. ఆ మాట వినగానే గుండె జారిపోతుందని నాకు తెలుసు. ఏ పేరూ పెట్టకముందే బాబుకి సాయం మొదలుపెట్టవచ్చు, మొదలుపెట్టాలి కూడా. పరీక్ష ఫలితం రాగానే నాకు రాయండి, నేను ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు వేరు వేరు భాషల వాళ్లు. మనవరాలికి 15 నెలలు, మూడు మాటలే వచ్చాయి. రెండు భాషలతో పిల్ల తికమకపడుతోంది, మీ భాష ఆపేయండని ఒకరు చెప్పారు. అప్పటి నుంచి నేను మాట్లాడటం తగ్గించి ఫోన్లో పాటలు పెడుతున్నాను. – ఒక నానమ్మ

జవాబు: నానమ్మ గారూ, ఆ ఫోను పక్కన పెట్టి మీ భాషలోనే మాట్లాడండి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. ఒకే వాక్యంలో రెండూ కలిపేసినా అది తికమక కాదు, రెండు భాషల ఇళ్లలో పిల్లలందరూ చేసే పనే. మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలవీ కలపండి. మూడు అని రాశారు, అవి ఒక భాషవేనా? కోడలిని అడగండి, ఆమె దగ్గర ఇంకో రెండు దొరకవచ్చు.

ఫోను సంగతి. 2003లో పట్రీషియా కూల్ బృందం ఇంగ్లీషు ఇళ్లలోని 9 నెలల పిల్లలకి చైనా మాండరిన్ భాష వినిపించింది. మనుషులు ఎదురుగా కూర్చుని ఆడుతూ మాట్లాడితే ఆ భాష శబ్దాలు పిల్లలు నేర్చుకున్నారు. అదే మనుషులు, అవే మాటలు టీవీలో వస్తే నేర్చుకోలేదు. ఏడాది పిల్లలకి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో చెప్పింది. పాప "ఆ" అంటే ఫోను బదులు పలకదు, మీరు పలుకుతారు. ఈ వయసులో అది చాలా పెద్ద తేడా. ఎవరో చెప్పిన మాటకి మీరు మనవరాలితో కబుర్లు మానుకున్నారని చదివి నాకు చాలా బాధేసింది.

ప్రశ్న: మా బాబుకి నాలుక కింద నరం అతుక్కుని ఉంది. ఏడాది నిండినా మాటలు లేవు. కోయిస్తే వస్తాయా? – ఒక తల్లి

జవాబు: అసలు మాటలే రాకపోవడానికి ఆ నరం కారణమని నేను నమ్మను. అమ్మ, బాబా అనడానికి పెదాలు చాలు. అర్థం చేసుకోవడానికి, వేలు చూపించడానికి నాలుకతో పనే లేదు. ముందు వినికిడి పరీక్ష చేయించండి. పాలు తాగడంలో ఇబ్బంది ఉందంటే అది వేరే విషయం, డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: మా అబ్బాయి రెండు నెలలు ముందుగా పుట్టాడు. నిన్న మొదటి పుట్టినరోజు. "బబబ" అంటాడు, పేరు పిలిస్తే తిరుగుతాడు, మాటలు లేవు. – ఒక తల్లి

జవాబు: పుట్టినరోజు శుభాకాంక్షలమ్మా. నెలలు తక్కువగా పుట్టిన పిల్లల ఎదుగుదలని రెండేళ్లు నిండే దాకా అసలు పుట్టాల్సిన తేదీ నుంచే లెక్కపెట్టాలి. ఆ లెక్కన మీ వాడికి ఇప్పుడు 10 నెలలే, ఆ వయసుకి మీరు రాసినవి చక్కగా సరిపోతాయి. ఎత్తుకోమని చేతులు చాస్తున్నాడా, మీ చేతిలోని వస్తువు పేరు చెబితే దాని వైపు చూస్తున్నాడా అన్నది ఈ రెండు నెలలూ గమనించండి. పుట్టగానే కొన్ని రోజులు ఐసీయూలో ఉన్న పిల్లలకి వినికిడి లోపం వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా ఎక్కువ. అందుకని అప్పుడు చేసిన పరీక్ష కాగితం వెతికి తీయండి. దొరకకపోతే ఇంకోసారి చేయించండి.