బ్లాక్‌చెయిన్‌లో అధికారం నిజంగా అందరిదేనా?

ప్రశ్న: మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, నా పదవీ విరమణ సొమ్ములో కొంత పెట్టి ఒక బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ టోకెన్లు (డిజిటల్ నాణేలు) కొని స్టేక్ చేయమంటున్నాడు, అంటే ప్రతిఫలం కోసం వాటిని అందులో తాకట్టుగా ఉంచాలట. దానికి యజమాని ఎవరూ ఉండరనీ, నిర్వహణలో మనకూ ఓటు ఉంటుందనీ, ప్రతిఫలం అందరికీ న్యాయంగా అందుతుందనీ అంటున్నాడు. ఇది నమ్మదగిన మాటేనా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: యజమాని ఉండరన్న మాటలో కొంత నిజం ఉంది. ప్రతిఫలం న్యాయంగా అందుతుందన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. బ్లాక్‌చెయిన్ అంటే అనేక కంప్యూటర్లు ఉమ్మడిగా ఉంచుకునే లావాదేవీల చిట్టా. 2009 జనవరిలో మొదలైన బిట్‌కాయిన్ లావాదేవీల చిట్టాను ఎవరైనా తమ కంప్యూటర్‌లో పూర్తిగా ఉంచుకుని, నిబంధనలకు విరుద్ధమైన బ్లాకును (లావాదేవీల కట్టను) తిరస్కరించవచ్చు. తనిఖీ చేసే హక్కు ఆ మేరకు నిజంగానే అందరిదీ. కొత్త బ్లాకును చేర్చి ప్రతిఫలం పొందడం అలా కాదు. మైనింగ్ అనే ఆ పనికి ఇప్పుడు ప్రత్యేక యంత్రాలూ చౌక విద్యుత్తూ కావాలి. ఒంటరిగా మైనింగ్ చేస్తే ఏళ్ల తరబడి ఏమీ దక్కకపోవచ్చు కనుక మైనింగ్ చేసేవారు (మైనర్లు) పూల్‌లనే ఉమ్మడి బృందాల్లో చేరతారు, అలా చేరిన కొద్దీ నిర్ణయాధికారం పూల్ నిర్వాహకుల దగ్గర పోగవుతుంది. 2014లో జీహాష్ అనే ఒక్క పూల్ కొద్దికాలం బిట్‌కాయిన్ మొత్తం మైనింగ్ సామర్థ్యంలో సగాన్ని దాటింది.

స్టేకింగ్‌లో యంత్రాల స్థానాన్ని నేరుగా సొమ్మే ఆక్రమిస్తుంది. 2022 సెప్టెంబరులో ఈ పద్ధతికి మారిన ఇథీరియం అనే నెట్‌వర్క్‌లో సొంతంగా వాలిడేటర్ (బ్లాకులను చేర్చి, సరిచూసే కంప్యూటర్) నడపడానికి కనీసం 32 ఈథర్లు (దాని టోకెన్లు) ఉండాలి. అంత లేనివారు ఎక్స్ఛేంజీలకో (టోకెన్లు కొని, అమ్మే వేదికలకో), చిన్న వాటాలను కూడగట్టి స్టేక్ చేసే లిడో వంటి సేవలకో తమ వాటాను అప్పగిస్తారు. రాబడి ఒకే శాతంలో వచ్చినా పెద్ద, చిన్న వాటాదారుల మధ్య మొదటినుంచీ ఉన్న తేడా తగ్గదు. ఇంటి ఖర్చులకు టోకెన్లు అమ్ముకోవలసి వచ్చే చిన్న వాటాదారు ఇంకా వెనకబడతాడు.

ఇక ఓటు సంగతి. దీనికి స్టీమ్ నెట్‌వర్క్ అనుభవాన్ని మించిన పాఠం నాకు కనబడలేదు. రచనలు చేసేవారికీ, వాటికి ఓటు వేసేవారికీ టోకెన్లు పంచుతూ 2016లో మొదలైన ఆ నెట్‌వర్క్‌ను, వాటాదారుల ఓట్లతో ఎన్నికైన 20 మంది ప్రధాన సాక్షులు (బ్లాకులను చేర్చే నిర్వాహకులు) నడిపేవారు. ఒక్కో ఖాతా తన టోకెన్ల పూర్తి బలంతో ఒకేసారి 30 మందికి ఓటు వేయవచ్చు. అంటే అందరికన్నా ఎక్కువ టోకెన్లు కూడగట్టినవారికి కొన్ని స్థానాలు కాదు, మొత్తం 20 స్థానాలూ దక్కుతాయి. 2020 ఫిబ్రవరిలో ట్రాన్ అనే మరో నెట్‌వర్క్ వ్యవస్థాపకుడు జస్టిన్ సన్, స్టీమ్‌ను రూపొందించిన స్టీమిట్ సంస్థను, దాని చేతిలోని భారీ టోకెన్ల నిల్వతో సహా కొన్నారు. ఆ నిల్వతో ఓటు వేసే వీలు లేకుండా సాక్షులు దాన్ని స్తంభింపజేశారు. మార్చి మొదట్లో కొన్ని పెద్ద ఎక్స్ఛేంజీలు సన్‌కు మద్దతుగా తమ వద్ద ఖాతాదారులు దాచుకున్న టోకెన్లతోనే ఓటు వేసి, ఆ సాక్షులను గద్దె దించాయి. సొమ్ము ఖాతాదారులది, ఓటు ఎక్స్ఛేంజీది! అదే నెల 20న చాలామంది సభ్యులు ఆ నిల్వను పక్కనబెట్టి, హైవ్ పేరుతో వేరే నెట్‌వర్క్ పెట్టుకున్నారు.

అధికారానికి అడ్డుకట్ట వేసింది ఓటు కాదు, విడిపోయి వెళ్లగల స్వేచ్ఛ. బిట్‌కాయిన్‌లోనూ 2017లో పెద్ద కంపెనీలు, అత్యధిక మైనర్లు సమర్థించిన సెగ్విట్‌2ఎక్స్ అనే నిబంధనల మార్పును వాడుకరులు నిరాకరించడంతో నవంబరులో ఉపసంహరించారు. అయితే అలా నిరాకరించడానికి సాంకేతిక జ్ఞానం ఉన్నవారు తగినంతమంది ఒక్కటి కావాలి. టోకెన్లు కొన్నంత మాత్రాన ఆ బలం రాదు.

కనుక మీ అబ్బాయిని అడగండి: మొదటి టోకెన్లు ఎవరికి, ఏ ధరకు దక్కాయి? పెద్ద ఖాతాల చేతిలో ఎంత వాటా ఉంది? కోడ్ మార్చే అధికారం ఎవరిది? అన్నిటికన్నా ముఖ్యంగా, మీ టోకెన్ల తాళం (వాటిని వాడుకోనిచ్చే రహస్య సంకేతం) మీ దగ్గర ఉంటుందా, ఎక్స్ఛేంజీ దగ్గరా? వీటికి స్పష్టమైన జవాబులు దొరికినా, పదవీ విరమణ సొమ్ము ఇందులో పెట్టమని నేను చెప్పను. మన దేశంలో క్రిప్టో లాభంపై 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను ఉంది. ఒక టోకెన్‌లో వచ్చిన నష్టాన్ని మరో టోకెన్ లాభంలోంచి తగ్గించుకునే వీలు కూడా లేదు.